కారు ఫ్యాను తిరగలేదు

మే నెల. మంచి ఎండ. హిందూపురం నుంచి ఒక కారు ధర్మవరం బయలుదేరింది. కారులో పెద్దమ్మ, ఆమె కూతురు, ఇద్దరు చుట్టాలు ఉన్నారు. కారు నడిపేది పెద్దమ్మ చెల్లెలి కొడుకు. ఇంట్లో పెళ్ళి ఉంది. ధర్మవరంలో పట్టుచీరలు తీసుకోవాలి. కారు వాళ్ళ సొంతమే. బాడుగకు తిప్పుకుంటారు. అప్పు కంతులు ఇంకా కట్టాలి.

ఇది కథే. కానీ ఇట్లాంటిది ఎవరికైనా జరగవచ్చు. అందుకే చెప్పుకుందాం.

సోమందేపల్లి దాటినాక పెద్దరోడ్డు మీద కారు బాగానే పోయింది. పెనుకొండ కొండ కనిపించింది. ఊళ్ళోకి వచ్చారు. బండ్ల రద్దీ ఎక్కువగా ఉంది. కారు ఆగుతూ, కదులుతూ పోతోంది. అప్పుడు పెద్దమ్మ ఒక ఎర్ర దీపం చూసింది.

"నాయనా, ఆ ఎర్ర దీపం ఎందుకు వెలిగింది?" అని అడిగింది.

"ఇంజను వేడెక్కింది పెద్దమ్మా. ఇంకో రెండు మైళ్ళు పోయి చూద్దాం" అన్నాడు అబ్బాయి.

"వద్దు. నీడ చూసి ఇప్పుడే ఆపు" అంది పెద్దమ్మ.

పెద్దమ్మ చెప్పిందే సరైన మాట. ఎందుకో చూద్దాం.

ఇంజనుకు చల్లదనం ఎట్లా వస్తుంది?

ఇంజనులో పెట్రోలో, డీజిలో మండుతుంది. పొయ్యి మండితే వేడి పుడుతుంది కదా! ఇంజనులో కూడా అంతే. ఆ వేడిని తీసేయడానికి ఇంజను చుట్టూ నీళ్ళు తిరుగుతాయి. ఆ నీళ్ళలో కూలెంట్ అనే మందు కలిపి ఉంటుంది. ఒక పంపు ఆ నీళ్ళను తిప్పుతుంది.

వేడెక్కిన నీళ్ళు కారు ముందు భాగంలో ఉన్న రేడియేటరులోకి వస్తాయి. రేడియేటరులో సన్నని గొట్టాలు చాలా ఉంటాయి. వాటికి గాలి తగిలితే నీళ్ళు చల్లబడతాయి. వేడి పాలను వెడల్పు పళ్ళెంలో పోసి విసిరితే చల్లారినట్లే.

కారు వేగంగా పోతుంటే గాలి దానంతట అదే తగులుతుంది. కారు నిలబడితే గాలి ఉండదు. అప్పుడు ఫ్యాను తిరగాలి. నీళ్ళు బాగా వేడెక్కినప్పుడు ఫ్యాను దానంతట అదే తిరుగుతుంది. నీళ్ళు చల్లబడితే ఆగిపోతుంది.

ఇక్కడే ఒక ఆనవాలు ఉంది. పెద్దరోడ్డు మీద బాగుండి, రద్దీలో మాత్రమే కారు వేడెక్కితే ముందు ఫ్యానును అనుమానించాలి. రోడ్డు మీద వేగంగా పోతున్నప్పుడు కూడా వేడెక్కితే తప్పు వేరే చోట ఉండవచ్చు. నీళ్ళు తక్కువై ఉండవచ్చు. పంపు చెడి ఉండవచ్చు. రేడియేటరు గొట్టాలు పూడిపోయి ఉండవచ్చు.

మూత తీయవద్దు

కారు ఆగింది. అబ్బాయి దిగి ముందు రేకు ఎత్తాడు. గుడ్డ తీసుకుని రేడియేటరు మూత తిప్పబోయాడు. పెద్దమ్మ కేకేసింది.

"ఆగు నాయనా! కుక్కరు మూత వేడి మీద తీస్తామా?"

నిజమే. రేడియేటరులో నీళ్ళు ఒత్తిడి మీద ఉంటాయి. మూత తీస్తే మరిగే నీళ్ళు ముఖం మీదికి, చేతుల మీదికి చిమ్ముతాయి. ఇట్లా ఎందరో కాలిపోయారు. ఇంజను ఆపి కనీసం అరగంట ఆగాలి. చేయి పెట్టగలిగేంత చల్లబడినాకే మూత ముట్టుకోవాలి.

ఇంకో మాట. ఇంజను ఆపినా కొన్ని కార్లలో ఫ్యాను ఉన్నట్టుండి తిరుగుతుంది. కొంగు, జడ, చున్నీ, చేతివేళ్ళు దానికి దూరంగా పెట్టాలి.

కాసేపటికి కారు చల్లబడింది. అబ్బాయి ఇంజను వేసి ఏసీ నొక్కాడు. చాలా కార్లలో ఏసీ వేస్తే ఈ ఫ్యాను కూడా తిరుగుతుంది. కానీ తిరగలేదు. వెంటనే ఇంజను ఆపేశాడు. ఫ్యానుకు కరెంటు రావడం లేదు, లేదంటే మోటారు చెడింది. ఏది నిజం?

ఫ్యూజు అంటే ఏమిటి?

ఇంట్లో మెయిను దగ్గర ఫ్యూజు ఉంటుంది. కరెంటు మితిమీరి వస్తే అందులోని సన్నని తీగ కరిగి తెగిపోతుంది. కరెంటు ఆగిపోతుంది. ఇల్లు కాలకుండా ఉంటుంది. కారులో కూడా ఫ్యూజులు ఉంటాయి. గోరంత ప్లాస్టిక్ బిళ్ళలు. లోపల సన్నని లోహపు పట్టీ ఉంటుంది. పట్టీ తెగితే ఫ్యూజు పోయినట్టు.

ఇంటి ఫ్యాను సుమారు 75 వాట్లు. ఇంటి కరెంటు 230 వోల్టులు. 75ను 230తో భాగిస్తే ఒక ఆంపియరులో మూడో వంతు వస్తుంది. అంత కొంచెం కరెంటు చాలు. కారు ఫ్యాను మోటారు 240 వాట్లు అనుకుందాం. కారు బ్యాటరీ 12 వోల్టులు. 240ని 12తో భాగించండి. 20 వచ్చిందా? అంటే 20 ఆంపియర్లు. ఇంటి ఫ్యానుకన్నా 60 రెట్లు ఎక్కువ కరెంటు. అందుకే దాని తీగ లావుగా ఉంటుంది. దాని ఫ్యూజు కూడా పెద్దది. కారును బట్టి 30 గానీ, 40 గానీ ఉంటుంది.

తీగ కట్టవచ్చా?

అబ్బాయి ఫ్యూజుల పెట్టె తెరిచాడు. ఫ్యాను ఫ్యూజు పట్టీ తెగి ఉంది.

"రాగితీగ చుట్టి పెడతాను పెద్దమ్మా. ధర్మవరం దాకా పోతుంది" అన్నాడు.

పెద్దమ్మ ఒప్పుకోలేదు. "తెగాల్సినప్పుడు తెగని తీగ పెడితే ఏమవుతుంది?" అని అడిగింది.

మీరు కూడా ఆలోచించండి. ఫ్యూజు తెగకపోతే తీగలే కాలుతాయి. తీగల మీది తొడుగు కరుగుతుంది. పొగ వస్తుంది. పక్కనే నూనె, పెట్రోలు గొట్టాలు ఉంటాయి. కారు అంటుకోవచ్చు. లోపల మనుషులు ఉంటారు. ఫ్యూజు కొన్ని పదుల రూపాయలు. కారు లక్షల రూపాయలు. ప్రాణానికి ధర లేదు. రాగితీగ గానీ, సిగరెట్టు పెట్టెలోని వెండి కాగితం గానీ ఫ్యూజు బదులు ఎప్పుడూ పెట్టకూడదు.

అంకె చదివిన పెద్దమ్మ

అబ్బాయి పెట్టెలో వెతికాడు. చాలా కార్లలో అదనపు ఫ్యూజులు అక్కడే ఉంటాయి. ఒక నీలం ఫ్యూజు తీశాడు. పెద్దమ్మ కళ్ళద్దాలు పెట్టుకుని చూసింది.

"దీని మీద 15 అని ఉంది. పోయినదాని మీద 30 అని ఉంది. మూత మీద కూడా ఫ్యాను బొమ్మ పక్కన 30 అనే ఉంది" అంది.

పెట్టె మూత మీద మాటలు ఇంగ్లీషులో ఉంటాయి. కానీ అంకెలు మనం పలక మీద దిద్దినవే. బొమ్మలు కూడా ఉంటాయి. అంకె తెలిస్తే సగం పని అయినట్టే.

చిన్న బిళ్ళ ఫ్యూజులకు రంగులు కూడా ఉంటాయి.
10 అయితే ఎరుపు.
15 అయితే నీలం.
20 అయితే పసుపు.
25 అయితే తెలుపు.
30 అయితే ఆకుపచ్చ.

డబ్బాలాగా ఉండే పెద్ద ఫ్యూజులకు రంగులు వేరు. కాబట్టి రంగు కన్నా అంకెనే నమ్మండి. తక్కువ అంకె పెడితే వెంటనే పోతుంది. ఎక్కువ అంకె పెడితే తీగ కాలుతుంది. ఏ అంకె ఉంటే అదే పెట్టాలి.

పెట్టెలో 30 ఫ్యూజు ఒకటి దొరికింది. తాళం తీసేసి ఫ్యూజు పెట్టారు. మళ్ళీ ఇంజను వేశారు. ఫ్యాను గిర్రున తిరిగింది. అందరూ నవ్వారు. పది అడుగులు పోయారో లేదో, ఫ్యాను ఆగిపోయింది. కొత్త ఫ్యూజు కూడా పోయింది!

మళ్ళీ పోతే తప్పు ఫ్యూజుది కాదు

మగ్గం మీద పోగు తెగితే ముడి వేస్తాం. అదే చోట మళ్ళీ తెగితే ఏం చేస్తాం? పన్నె చూస్తాం. అచ్చు చూస్తాం. ఎక్కడో ఒరుసుకుంటోంది అని వెతుకుతాం. ఫ్యూజు కూడా అంతే. రెండోసారి పోయిందంటే మూడోది పెట్టకూడదు. కారణం వెతకాలి.

అబ్బాయి ఫోను చేస్తే ఊళ్ళోని కార్ల ఎలక్ట్రీషియను వచ్చాడు. అతను వరుసగా ఒక్కొక్కటి చూశాడు. ఆ వరుస మనకు కూడా తెలిస్తే మంచిది.

ఒకటి, ఫ్యూజు. పట్టీ తెగిందా? ఫ్యూజు కూర్చునే చోటు నల్లబడిందా?

రెండు, రిలే. ఇది చిన్న నల్ల డబ్బా. బోరు మోటారుకు స్టార్టరు ఉంటుంది కదా! చిన్న మీట నొక్కితే పెద్ద మోటారు తిరుగుతుంది. రిలే పని కూడా అదే. పని చేస్తే టిక్కుమని చప్పుడు వస్తుంది. అదే నంబరు ఉన్న ఇంకో రిలేను దాని చోట పెట్టి చూస్తారు.

మూడు, తీగలు, అతుకులు. తీగను ఎలుక కొరికి ఉండవచ్చు. ప్లగ్గు కరిగి ఉండవచ్చు. కారు ఒంటికి బిగించిన ఎర్తు తీగ తుప్పు పట్టి ఉండవచ్చు.

నాలుగు, మోటారు. ప్లగ్గు ఊడదీసి, ఫ్యూజు ఉన్న తీగతో బ్యాటరీ నుంచి నేరుగా కరెంటు ఇస్తారు. తిరిగితే మోటారు మంచిదే. తిరగకపోతే మోటారు పోయినట్టు. మోటారు బిగుసుకుపోతే ఎక్కువ కరెంటు లాగి ఫ్యూజును కూడా పోగొడుతుంది.

ఐదు, సెన్సారు. నీళ్ళ వేడిని కనిపెట్టి చెప్పేది ఇదే. ఇది చెడితే వేడెక్కినా ఫ్యానుకు కబురు అందదు.

మూడో మెట్టులోనే తప్పు దొరికింది. ఫ్యాను తీగ రేడియేటరు రేకుకు ఒరుసుకుంది. తొడుగు అరిగి లోపలి రాగి బయటపడింది. కారు కదిలినప్పుడల్లా రాగి రేకుకు తగులుతోంది. తగలగానే ఫ్యూజు పోతోంది. అంటే ఫ్యూజు తన పని తాను చేసింది. కారును కాపాడింది.

ఎలక్ట్రీషియను ఆ ముక్క తీసేసి కొత్త తీగ అతికాడు. మీద గొట్టం తొడిగాడు. రేకుకు తగలకుండా దూరంగా కట్టాడు. కొత్త 30 ఫ్యూజు పెట్టాడు. పెద్దమ్మ రెండు 30 ఫ్యూజులు అదనంగా కొని పెట్టెలో పెట్టించింది. సాయంత్రానికి ధర్మవరం చేరారు. చీరలు కొన్నారు.

రెండు మైళ్ళు పోయి చూద్దాం అని పోయి ఉంటే? ఇంజను తల వంగిపోయేది. మధ్యలో ఉండే గ్యాస్కెట్ కాలిపోయేది. ఆ మరమ్మతుకు వేలకు వేలు అవుతాయి. పెళ్ళి డబ్బు దానికే పోయేది. బాడుగ ఆగిపోయేది. కంతు ఆగిపోయేది.

మన దగ్గరే తయారవుతున్నాయి

ఒకప్పుడు కారు అంటే ఎక్కడో తయారయ్యే వస్తువు. ఇప్పుడు అట్లా కాదు. 2017లో కియా కంపెనీ రాష్ట్ర ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుంది. పెనుకొండ మండలం ఎర్రమంచి దగ్గర ఫ్యాక్టరీ కట్టింది. 2019 ఆగస్టులో అక్కడి నుంచి సెల్టోస్ కారు బయటికి వచ్చింది. ఏడాదికి 3 లక్షల కార్లు చేసే ఫ్యాక్టరీ అది. 2023లో అక్కడ 10 లక్షలవ కారు తయారైంది. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం మూడూ 2022 ఏప్రిల్ నుంచి శ్రీ సత్యసాయి జిల్లాలో ఉన్నాయి. మన ఊళ్ళ పక్కనే కార్లు తయారవుతుంటే వాటి సంగతి మనకు తెలియకపోతే ఎట్లా?

గుర్తుంచుకోండి

ఎర్ర దీపం వెలిగితే ఏసీ ఆపి, పక్కకు తీసి, ఇంజను ఆపండి.

వేడి మీద రేడియేటరు మూత తీయవద్దు.

బ్యాటరీ దగ్గర పని చేసేటప్పుడు లోహపు గాజులు, ఉంగరాలు తీసేయండి. మెడలో గొలుసు వేలాడనీయవద్దు. లోహం బ్యాటరీకీ కారు ఒంటికీ ఒకేసారి తగిలితే క్షణంలో కాలిపోతుంది.

కరెంటుతో నడిచే కార్లలో నారింజ రంగు తొడుగు ఉన్న లావు తీగలు ఉంటాయి. వాటిని ముట్టవద్దు. ప్రాణానికే ముప్పు.

ఫ్యూజు బదులు తీగ పెట్టనీయవద్దు. మీ బండి అయినా, బాడుగ బండి అయినా అడగండి. అడగడం తప్పు కాదు.

చదివారు కదా! చెప్పండి

ఫ్యాను మోటారు 180 వాట్లు. బ్యాటరీ 12 వోల్టులు. ఎన్ని ఆంపియర్ల కరెంటు కావాలి?

30 ఫ్యూజు ఉండాల్సిన చోట 40 పెడితే ఏమవుతుంది?

మీ ఇంట్లో ఎవరికైనా కారు ఉంటే ఫ్యూజుల పెట్టె మూత చూపించమనండి. దాని మీది అంకెలు మీరే చదివి వాళ్ళకు వినిపించండి.