కంటిమీది కండను ఉపేక్షింపరాదు

వరిమడిలో ఊదమొక్క లేతనాట వరివలెనే యుండును. వెన్ను తీసినపిదప పోల్చిన రైతునకు నష్టము తప్పదు. కంటివిషయమునను ఇట్టి పొరపాటు కలదు.

దివిసీమ, గుడివాడ ప్రాంతముల చేలలోను, బందరు తీరమునను ఎండకు, నీటిమీది వెలుగునకు, దుమ్మునకు గుఱియగువారి కంట, ముక్కువైపునుండి నల్లగ్రుడ్డుమీదికి రెక్కవలె కండ ప్రాకుట మన మెఱిగినదే. అది సాధారణముగా ప్రాణహానికరము కాదు. కాని అరుదుగా అదే తావున క్యాన్సరు, అనగా రాచపుండు, పుట్టును. సూర్యరశ్మిలోని అతినీలలోహిత కిరణములు దీనికి ముఖ్యకారణము. హెచ్.ఐ.వి. సోకినవారికిని, ఎండ తగిలినంతనే చర్మము కమిలి మచ్చలుగట్టు పుట్టువ్యాధిగల బిడ్డలకును ఇది పిన్నవయసుననే రావచ్చును. రక్తసంబంధపు పెండ్లిండ్ల సంతానమున ఆ పుట్టువ్యాధి కలుగుట కెక్కువ అవకాశము గలదు.

గుర్తు లెట్టివి? తెలుపు నలుపు కలియు అంచున జిగురువంటి గడ్డ, సున్నపుచుక్కవంటి తెల్లని పెచ్చు, దానికి చేరు లావుపాటి ఎఱ్ఱని నరములు, కొలది నెలలలో పెరుగుట. నొప్పి లేదని నమ్మరాదు. తొలిదశలో నొప్పి లేకుండుటయే తఱచు.

వైద్యులు కంటిని పెద్దదిగా చూపు యంత్రముతో చూచి, రంగుమందు వేసి, పొరల చిత్రము తీసి అనుమానము తీర్చుకొందురు. ముక్కను సూక్ష్మదర్శినిక్రింద పరీక్షించినగాని నిశ్చయము కాదు. కావున కండ కోయించుకొనువారు, ఆ ముక్కను పారవేయక పరీక్షకు పంపుడని తప్పక అడుగవలెను.

ఊదను వేరుతో పెరికినట్లే, గడ్డను చుట్టు సుమారు 4 మిల్లీమీటర్ల మంచి పొరతోగూడ కోసి, అంచులను అతిశీతలముచే గడ్డకట్టింతురు. గాయము పెద్దదైనచో, కాన్పునాటి ఉమ్మనీటిసంచినుండి తీసి శుద్ధిచేసిన పొరను అతికింతురు. కొందఱికి మైటోమైసిన్, 5-ఫ్లూరోయురాసిల్ చుక్కలతోనే నయమగును. అవి వైద్యుని కనుసన్నలలోనే వాడవలసిన మందులు. లోనికి దిగినచో కిరణచికిత్స, మితిమీఱినచో కన్నునే తీయుట అవసరమగును. నయమైనపిదపను మరల రావచ్చును గనుక ఏండ్లతరబడి చూపించుకొనుచుండవలెను.

హైదరాబాదున 1987లో వెలసిన ఎల్.వి. ప్రసాద్ నేత్రవైద్యసంస్థలో కంటిక్యాన్సరునకు ప్రత్యేకశాఖ కలదు. విజయవాడచెంత తాడిగడపలో ఆ సంస్థ ఆసుపత్రి 2011నుండి పనిచేయుచున్నది. మనవారు తొలుత అచ్చట చూపించుకొనవచ్చును.

ఆకుపసరులు, చనుబాలు కంట పోసికొనుచు కాలము గడుపరాదు. అంచుగల టోపియో, తాటాకు గొడుగో, చలువయద్దములో ఎండపనిలో వాడుట మేలు. “కోతలైనపిమ్మట చూపింత”మని రైతులనుట మేము వినుచున్నాము. పంట పోయిన మఱుసటేడు మరల వచ్చును. పోయిన కన్ను మరల రాదు. సభ్యులు ఈ సంగతిని ఇరుగుపొరుగువారికిని, ముఖ్యముగా కూలిపనివారికిని, చదివి వినిపింపగోరుచున్నాము.