ఫోన్ లేకపోయినా పీఎం కిసాన్ ఈ-కేవైసీ: మన్యం రైతులు తెలుసుకోవాల్సినవి

పీఎం కిసాన్ కింద అర్హత ఉన్న రైతు కుటుంబానికి ఏడాదికి రూ.6,000 వస్తుంది. రూ.2,000 చొప్పున మూడు విడతలుగా బ్యాంకు ఖాతాలో పడుతుంది. ఈ-కేవైసీ పూర్తి కాకపోతే మాత్రం విడత జమ కాదు. ఈ-కేవైసీ అంటే ఆధార్‌లో ఉన్న మనిషి మీరేనని రుజువు చేసుకోవడం. పట్టా ఉన్నా డబ్బు పడలేదంటే ముందు చూసుకోవాల్సింది ఇదే.

టవర్ వచ్చింది కదా, ఇంకేం ఇబ్బంది?

2023 జూన్‌లో రాష్ట్రంలోని గిరిజన ప్రాంతాల్లో ఒకేసారి 100 4జీ టవర్లు ప్రారంభించారు. వాటిలో 85 అప్పటి మన అల్లూరి సీతారామరాజు జిల్లాలోవే. కానీ టవర్ ఉన్నంత మాత్రాన అందరూ ఒకేలా వాడుకోలేరు. కొండ అడ్డొస్తే సిగ్నల్ అందదు. ఇంట్లో ఒక్క ఫోనే ఉంటే, అది పనికి వెళ్లిన కొడుకు జేబులో ఉంటుంది. భర్త చనిపోయినా ఆధార్‌కు ఆయన నంబరే ఉండిపోతే, భార్యకు ఓటీపీ అందదు. ఇంట్లో కువి, ఆదివాసీ ఒడియా మాట్లాడే వాళ్లకు ఫోన్‌లోని తెలుగు, ఇంగ్లీషు చదవడం మరో కష్టం.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్క చూడండి. ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ల మగవాళ్లలో 48.8 శాతం మంది ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడారు. ఆడవాళ్లలో వాడినవారు 21 శాతమే. కాబట్టి ఫోన్ వాడటం రాకపోవడం మీ తప్పు కాదు. దానివల్ల మీ అర్హత కూడా పోదు.

ఈ-కేవైసీకి మూడు దారులు

1. ఓటీపీ: ఆధార్‌కు కలిపిన ఫోన్ నంబరు మీ దగ్గర ఉంటేనే పనికొస్తుంది.

2. వేలిముద్ర: కామన్ సర్వీస్ సెంటర్‌లో వేస్తారు. పొలం పనికి చేతులు అరిగిపోయిన పెద్దవాళ్లకు ఒక్కోసారి ముద్ర పడదు.

3. ముఖం చూపించడం: 2023 జూన్ 22న పీఎం కిసాన్ యాప్‌లో ఇది మొదలైంది. ఓటీపీ అక్కర్లేదు, వేలిముద్ర అక్కర్లేదు. యాప్ ఉన్న ఒక రైతు తన చుట్టుపక్కల మరో 100 మంది రైతులకు చేసిపెట్టవచ్చు. ఒక్కో అధికారి 500 మందికి చేయవచ్చు.

అంటే ప్రతి ఇంట్లో స్మార్ట్‌ఫోన్ ఉండాల్సిన పని లేదు. ఊరికి ఒకటి, దాన్ని నడిపే ఒక మనిషి ఉంటే చాలు.

మీరు చేయాల్సింది

• రైతు సేవా కేంద్రంలో వ్యవసాయ సహాయకుణ్ణి కలవండి. "మా ఊళ్లో ముఖంతో ఈ-కేవైసీ ఒక రోజు పెట్టండి" అని పదిమందీ కలిసి అడగండి. సిగ్నల్ అందే చోటు ఏదో మీకే బాగా తెలుసు, అక్కడే పెట్టమనండి.

• ఆధార్ కార్డు వెంట తీసుకెళ్లండి. పని అయ్యాక "పూర్తయింది" అని తెరమీద చూపించమని అడగండి.

• ఆధార్‌లో ఫోన్ నంబరు మార్చుకోవాలంటే ఆధార్ కేంద్రానికి వెళ్లవచ్చు. దీనికి వేరే కాగితాలు అక్కర్లేదు.

• ఎవరైనా ఫోన్ చేసి ఓటీపీ అడిగితే చెప్పకండి. కేంద్రంలో డబ్బు తీసుకుంటే రసీదు అడగండి.

• "సిగ్నల్ లేదు, మళ్లీ రండి" అంటే ఏ రోజు వెళ్లారో, ఎవరు చెప్పారో రాసి పెట్టుకోండి. ఫిర్యాదు చేసేటప్పుడు అది పనికొస్తుంది.

ఫోన్ చేయాల్సిన నంబర్లు

పీఎం కిసాన్: 155261
ఆధార్: 1947
రాష్ట్ర ప్రభుత్వ ఫిర్యాదులు: 1100

ఈ నంబర్లకు మామూలు బటన్ ఫోన్ నుంచి కూడా మాట్లాడవచ్చు.

ఈ కాగితం మీ ఫోన్‌కు వచ్చిందంటే, ఇది చేరని ఇల్లు మీ ఊళ్లోనే ఉండొచ్చు. ఒంటరిగా ఉండే పెద్దవాళ్లకు, ఫోన్ లేని ఆడవాళ్లకు దీన్ని చదివి, మీ భాషలో చెప్పండి. ఈ-కేవైసీ పెట్టిన రోజు వాళ్లను కూడా వెంటబెట్టుకుని వెళ్లండి.