గడుల్లో పట్టని పుస్తకాలు

తెర మీద ఫారం తెరుచుకుంటుంది. శీర్షిక, కర్త, ప్రచురణకర్త, సంవత్సరం, పుటలు, ఐఎస్‌బీఎన్. నవలకైతే నిమిషంలో నిండిపోయే గడులు. బల్ల మీద ఉన్నది కడితం అయితే? గుడ్డకు చింతగింజల జిగురూ బొగ్గుపొడీ పట్టించి, ఆరబెట్టి, మడతలుగా మడిచి, బలపంతో లెక్కలు రాసుకున్న నల్లటి పుస్తకం అది. తుడిచి మళ్లీ రాయొచ్చు. దీనికి పుటలుండవు, మడతలుంటాయి. తాత రాసిన లెక్క తుడిచి మనవడు తన పద్దు రాసుకుని ఉంటే కర్త గడిలో ఎవరిని కూర్చోబెట్టాలి?

కడప, కర్నూలు సీమలో పాత పుస్తకాల జాబితా రాయబోయిన ఎవరికైనా ఇలాంటి చిక్కులు అడుగడుగునా ఎదురవుతాయి. గడులు ముందే గీసుకుని కూర్చుంటే, వాటిలో పట్టనిదల్లా చివరన 'ఇతరములు' అనే గడిలోకి పోతుంది. ఒకసారి అందులో పడింది మళ్లీ ఎవరి వెతుకులాటకూ తగలదు. ఈ నేల గురించిన గట్టి సరుకంతా చాలాకాలంగా అక్కడే పడి ఉందని నా అభిప్రాయం.

ఈ అలవాటుకు రెండు వందల ఏళ్ల చరిత్ర ఉంది. 1800లో నిజాం ఈ జిల్లాలను కుంపిణీకి దత్తం చేశాక, కాలిన్ మెకంజీ సర్వే మొదలైంది. ఆయన మనుషులు ఊరూరా తిరిగి కరణాల చేత రాయించినవే కైఫీయత్తులు. ఊరు ఎలా పుట్టింది, చెరువు ఎవరు తవ్వించారు, గుడికి మాన్యం ఎవరిచ్చారు, ఏ పాలెగాడు ఎప్పుడొచ్చి ఏం పట్టుకుపోయాడు... అన్నీ ఉంటాయి. కొంత దండకవిలెల (ఊరి పాత లెక్కల పుస్తకాల) నుంచి ఎత్తి రాసింది, కొంత ముసలివాళ్లు చెప్పింది. వీటిని సేకరించడంలో కావలి బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి సోదరులది పెద్ద చెయ్యి. 1821లో మెకంజీ పోయాక ఆ గుట్టలకు జాబితా రాసినవాడు హెచ్.హెచ్.విల్సన్. 1828లో కలకత్తాలో అచ్చయిన ఆ కేటలాగులో కావ్యాలకు, పురాణాలకు తలా ఒక చోటు దక్కింది. ఊళ్ల చరిత్రలన్నీ 'లోకల్ ట్రాక్ట్స్' అనే పద్దు కింద ఒక్క వరసలో సర్దుకున్నాయి. జాబితా రాసినవాడు సంస్కృత పండితుడు. ఆయనకు కావ్యం కనిపించినంత స్పష్టంగా కరణం రాత కనిపించలేదు.

ఇప్పటి పద్ధతి కూడా పెద్దగా మారలేదు. 2003లో మొదలైన జాతీయ రాతప్రతుల మిషన్, కాగితం, తాటాకు, బెరడు, గుడ్డ, లోహం దేని మీద చేత్తో రాసినా రాతప్రతే అంది. కనీసం 75 ఏళ్ల పాతది కావాలి. అంతవరకు బాగుంది. కానీ శిలాశాసనాలు, ఫర్మానాలు, రెవెన్యూ రికార్డులు రాతప్రతుల కిందికి రావని కూడా అదే నిర్వచనం చెబుతుంది. మరి రెవెన్యూ కవిలెల్లోంచి ఎత్తి రాసిన కైఫీయత్తు ఏ పక్కకు వెళ్లాలి? చరిత్ర గ్రంథమా, దస్త్రమా? నన్నడిగితే రెండు గడుల్లోనూ వేయమంటాను. కార్డు కేటలాగు రోజుల్లో ఒక కార్డు ఒకే సొరుగులో ఉండేది. డేటాబేసుకు ఆ బాధ లేదు కదా.

సంవత్సరం గడి ఇంకో తలనొప్పి. అది నాలుగంకెలు అడుగుతుంది. తాటాకు కట్ట చివర రాయసగాడు 'ప్రభవ సంవత్సరం, శ్రావణ శుద్ధ దశమి' అని రాసి ఊరుకుంటాడు. ప్రభవ అరవై ఏళ్లకోసారి తిరిగొస్తుంది: 1807, 1867, 1927, 1987. లిపి తీరు, ఆకు పాతదనం, ప్రస్తావించిన పేర్లు చూసి వీటిలో ఏదో తేల్చుకోవాలి. ఫసలీ (రెవెన్యూ లెక్కల సంవత్సరం) వేసి ఉంటే కాస్త నయం, 590 కలిపితే సరిపోతుంది. ఏదీ తేలకపోతే ఊహించిన అంకె కొట్టడం కన్నా, ఉన్న మాట ఉన్నట్టు రాయడానికి ఒక గడి, లెక్క కట్టిన ఏడాదికి పక్కన ఇంకో గడి పెట్టుకోవడం మేలు.

స్థలం గడిలోనూ ఇదే గొడవ. కంభం మెకంజీ నాటికి కడప జిల్లా. 1858లో కర్నూలుకు వెళ్లింది. 1970లో కొత్తగా ఏర్పడిన ఒంగోలు జిల్లాలో కలిసింది. బనగానపల్లె 2022 ఏప్రిల్‌లో నంద్యాల జిల్లాలోకి చేరింది. జిల్లా పేరుతో పేర్చిన జాబితా ప్రతి తరానికీ పాతబడుతుంది. కైఫీయత్తుకు ఊరే శీర్షిక, ఊరే చిరునామా. ఊరి పేరు పట్టుకుని, ఏ కాలంలో ఏ సీమ కింద ఉందో దాని కిందే రాసుకుంటే పోతుంది.

పేరు వెతకడం మరీ కష్టం. యఱ్ఱగుంట్ల, యర్రగుంట్ల, ఎర్రగుంట్ల ముగ్గురు చేతుల్లో మూడు రకాలు. యంత్రానికి అవి మూడు ఊళ్లు. సి.పి.బ్రౌన్ తెలుగు నిఘంటువులో కనిపించే ౘ, ౙ అక్షరాలు యూనికోడ్‌లోకి వచ్చిందే 2008లో. అంతకుముందు ఎక్కించిన జాబితాల్లో వాటి చోట మామూలు చ, జ లే ఉంటాయి.

గడులు పుస్తకం నుంచే పుట్టిన ఉదాహరణ ఒకటుంది, అదీ ఈ సీమ బిడ్డదే. తాళ్లపాక అన్నమయ్య కీర్తనలు తిరుమల సంకీర్తన భండారంలో రాగి రేకుల మీద దొరికాయి. రెండు వేలకు పైగా రేకులు. వాటిలో ఆయనవే కాదు, కొడుకు పెద తిరుమలాచార్యులు, మనవడు చిన తిరుమలాచార్యుల రచనలూ ఉన్నాయి. అచ్చు వేసినప్పుడు పరిష్కర్తలు ఓ మంచి పని చేశారు. ప్రతి కీర్తనకూ రాగంతో పాటు రేకు సంఖ్య, ఆ రేకులో వరుస సంఖ్య వేశారు. ఈ రోజు కచేరీలో పాడే పాటను కూడా ఆ అంకెలు పట్టుకుని అసలు రేకు దాకా వెనక్కి వెళ్లొచ్చు. పుటల గడిని రేకుల గడిగా మార్చుకోవడం అనే చిన్న పనికి దక్కిన ఫలితమిది.

సాఫ్ట్‌వేర్లకు ఇంకో దురలవాటుంది. ఒకే పేరుతో రెండు పుస్తకాలు కనిపిస్తే 'రెండో కాపీ' అని కలిపేస్తాయి. అచ్చు పుస్తకాలకు అది సరే, రాతప్రతులకు కాదు. 1820లో కడపకు వచ్చిన సి.పి.బ్రౌన్ ఎర్రముక్కపల్లెలో బంగళా కొని, సొంత డబ్బుతో పండితులను పెట్టుకుని చేయించిందేమిటి? ఒకే కావ్యానికి నాలుగైదు ప్రతులు తెప్పించి, పాఠభేదాలు పోల్చి, శుద్ధప్రతి రాయించడం. వేమన పద్యాలు 1829లో అచ్చయింది ఆ శ్రమ వల్లే. రాతప్రతుల్లో 'రెండో కాపీ' అనేది ఉండదు. ప్రతిదీ వేరే చెయ్యి, వేరే తప్పులు. ఇంకో తిరకాసు: ఒకే కట్టలో మూడు గ్రంథాలుంటాయి, ఒకటి మొదలు లేకుండా, ఇంకొకటి చివర లేకుండా. భాష సంస్కృతం, లిపి తెలుగు. కట్టకు ఒక నంబరు, లోపలి గ్రంథాలకు వేరే నంబర్లు ఇవ్వకపోతే మధ్యలోది ఎప్పటికీ కనిపించదు.

ఆ బంగళా శిథిలమైన చోటే జానుమద్ది హనుమచ్ఛాస్త్రి పట్టుదలతో గ్రంథాలయం లేచింది. అదే ఇప్పుడు యోగి వేమన విశ్వవిద్యాలయం చేతిలోని సి.పి.బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం. కడప జిల్లా కైఫీయత్తులు కట్టా నరసింహులు పరిష్కరణలో సంపుటాలుగా వెలువడింది అక్కడి నుంచే. విల్సన్ ఒక్క పద్దు కింద సర్దేసినవి ఇలా ఊరూరికీ విడివిడిగా చదువుకునే వీలు వచ్చింది.

ఎవరి జాబితాకూ అందని పుస్తకం ఒకటి బనగానపల్లెలో ఉందంటారు. పోతులూరి వీరబ్రహ్మంగారు రాసిన కాలజ్ఞానం పత్రాలు గరిమిరెడ్డి అచ్చమ్మగారి ఇంట పాతిపెట్టారనీ, వాటి మీద చింతచెట్టు ఉందనీ భక్తుల నమ్మకం. బజారులో దొరికే కాలజ్ఞానాలు ఒకదానికొకటి పొంతన లేనివి. వీటికి 'కర్త' అని రాస్తామా, 'ఆపాదిత కర్త' అని రాస్తామా? రెండోదే నిజాయితీ. 'మూలప్రతి' గడిలో 'భూమిలో ఉన్నట్టు ప్రతీతి' అని రాయడానికి నేనైతే వెనకాడను. అదీ సమాచారమే.

1984లో కరణీకాలు రద్దయ్యాయి. ఆ వంశాల ఇళ్లలో అటకల మీద ఇంకా కట్టలు ఉన్నాయి. అడిగితే 'మా జేజినాయన రాసిండేవి సామీ, ఇయ్యం గానీ సూసుకోండి' అంటారు. ఆ మాటలో తప్పేమీ లేదు. తీసుకురావాల్సిన పని లేదు, ఫొటోలు తీసి, ఊరు, ఇల్లు, కట్టల సంఖ్య, చూడనిచ్చే షరతు రాసుకుంటే చాలు. ఎవరి దగ్గరుందో చెప్పే గడి చాలా ఫారాల్లో గ్రంథాలయం పేరుతోనే ఆగిపోతుంది. దాన్ని కాస్త వెడల్పు చేయాలి.