మిక్స్‌డ్ రియాలిటీ బోర్డ్ గేమ్స్: మెనూ ఎక్కడ పెట్టాలి?

ఫోన్ గేమ్‌లో స్కోరు, బటన్లు స్క్రీన్ మూలల్లో పెట్టేస్తే సరిపోతుంది. మెటా క్వెస్ట్ 3 లాంటి హెడ్‌సెట్‌లో ఆ మూలలే ఉండవు. మీ గది, మీ టేబుల్, దాని మీద వర్చువల్ బోర్డు, అంతే! తల ఎటు తిప్పినా మెనూ కళ్లకు అడ్డం వస్తుంటే కాసేపటికే చిరాకొస్తుంది.

2021లో వచ్చిన డెమియో గేమ్ దీనికి మంచి దారి చూపించింది. చెయ్యి తిప్పితే మీ కార్డులు కనిపిస్తాయి. బొమ్మను పట్టుకుని కదపాలి, పాచిక విసరాలి. పేకాట తెలిసిన చేతికి ఇదేమీ కొత్తగా నేర్పక్కర్లేదు.

అసలు చిక్కు అక్షరాలతోనే. క్వెస్ట్ 3 ఒక్కో డిగ్రీకి సుమారు 25 పిక్సెల్స్ చూపిస్తుంది. 60 సెంటీమీటర్ల దూరంలో ఒక డిగ్రీ అంటే దాదాపు 1 సెంటీమీటరు. అంటే బోర్డు మీద 3 మిల్లీమీటర్ల అక్షరానికి దక్కేది 7 పిక్సెల్సే! ఇంగ్లిష్ క్యాపిటల్ లెటర్స్ అయితే ఎలాగోలా చదివేస్తాం. పైన గుడి, కింద వత్తు ఉన్న తెలుగు అక్షరం మాత్రం ముద్దైపోతుంది.

అందుకే తెలుగులో ఇలాంటి గేమ్ చేయాలనుకుంటే బోర్డు మీద గుర్తులు, రంగులే వాడండి. వివరాలు చేతిలోని కార్డు మీద పెట్టండి. దాన్ని 30 సెంటీమీటర్ల దగ్గరికి తెచ్చుకుంటే అదే అక్షరానికి రెట్టింపు పిక్సెల్స్ దొరుకుతాయి.