కెమెరా కంటికి రంగుల జల్లెడ

చేతిలోని ఫోనుతో తీసిన చిత్రమును చూచి, అందలి రంగులన్నియు కెమెరా చూచినవేయని మనము నమ్ముచున్నాము. నిజమునకు వానిలో మూడింట రెండు పాళ్లు లెక్కకట్టి ఊహించినవి. ఈ విచిత్రమునే యిచట వివరింపదలచితిమి.

డిజిటల్ కెమెరాలో ఫిల్ముకు మారుగా సెన్సర్ అను పలక యుండును. దానిపై కోట్లకొలది సూక్ష్మమైన గడులు కలవు. ప్రతి గడియు తనపై బడిన వెలుతురెంతయో కొలువగలదే కాని, దాని రంగు నెరుగదు. అందుచే ఒక్కొక్క గడిపై ఒక్కొక్క రంగు పొర నమర్చుదురు. ఈస్ట్‌మన్ కోడక్ సంస్థకు చెందిన బ్రైస్ బేయర్ రూపొందింపగా 1976లో అమెరికాలో పేటెంటు పొందిన అమరికయే నేటికిని మిక్కిలి వాడుకలో నున్నది. అందు ప్రతి 4 గడులకు 2 ఆకుపచ్చ, 1 ఎరుపు, 1 నీలము. మన కన్ను సూక్ష్మ వివరములను ఆకుపచ్చ ప్రాంతపు వెలుతురులో అధికముగా గ్రహించుటచే ఆ రంగునకు రెట్టింపు భాగము దక్కినది.

ఎర్రని పొర క్రింది గడికి తక్కిన రెండు రంగుల సంగతి తెలియదు. ఇరుగుపొరుగు గడుల కొలతలను బట్టి కెమెరాలోని గణితము ఆ లోటు పూరించును. సున్నము వేసిన గోడను చిత్రించునపుడు ఈ ఊహ తప్పదు. సన్నని గళ్ల చీరయైనచో, పోగుల వరుసయు గడుల వరుసయు పెనగులాడి, బట్టలో లేని రంగుల అలలు చిత్రములో తేలవచ్చును. దోమతెరను మడిచి చూచినపుడు కనబడు అలల వంటివే యివి.

వీనిని అణచుటకు సెన్సర్ ముందు పలుచని స్ఫటికపు పలకల నుంచుదురు. అవి వెలుతురును చీల్చి పొరుగు గడులకును పంచును. అలలు తగ్గును, చిత్రపు నైశిత్యమును కొంత తగ్గును. 2012లో నికాన్ సంస్థ 3.6 కోట్ల గడుల డి800 కెమెరాను ఈ పొరతోను, డి800ఇ ని ఆ పొర ప్రభావమును రద్దుచేసియు వెలువరించి, నిర్ణయమును కొనువారికే విడిచినది. ఆ యేటనే లైకా సంస్థ రంగు పొరలే లేని ఎం మోనోక్రోమ్‌ను తెచ్చినది. వివరము నిశితమే, చిత్రము మాత్రము నలుపు తెలుపులదే.

కంటికి గోచరింపని పరారుణ కిరణముల నాపు పొర మరియొకటి కలదు. అది తగినంత బలముగా లేనిచో కొన్ని నల్లని కృత్రిమ వస్త్రములు ఊదా ఛాయ దాల్చును.

కావున కెమెరా కొనువారు మెగాపిక్సెళ్ల సంఖ్యతో తృప్తిపడక, ఒక గళ్ల బట్టను, ఒక నల్లబట్టను చిత్రించి చూచుట మంచిది. చిత్రములోని రంగును సాక్ష్యముగా గైకొను వేళ, అందు ఊహకును పాలున్నదని మరువరాదు.