కారునందలి పెట్రోలు గొట్టము, ఆవిరి గొట్టము

మన పల్లెలలో నేడు కారు వింత వస్తువు గాదు. బండి యిరుసునకు కందెన వేయుట యెఱుగని గృహస్థు లొకప్పుడు లేనట్లే, కారు గల యింటివారు దాని లోపలి సంగతులను కొంత యెఱిగియుండుట మేలు. అందు ముఖ్యమైనవి రెండు గొట్టములు. ఒకటి పెట్రోలును, రెండవది పెట్రోలు ఆవిరిని గొనిపోవును. బానెట్టు క్రింద ఈ రెండును చూపున కించుమించు ఒక్కతీరుననే యుండును గాని, వాని పనులు వేఱు.

మొదట పెట్రోలు గొట్టమును గూర్చి చెప్పెదను. నేటి కార్లలో పెట్రోలు టాంకునందే విద్యుత్తుతో నడచు పంపు ఉండును. అది పెట్రోలును వడపోతగుండ, బండి యడుగున నున్న గొట్టముగుండ ఇంజనునకు త్రోయును. అచ్చటి సన్నని చిమ్ముడు రంధ్రములు దానిని తుంపరగా చల్లును. ఈ గొట్టములోని ఒత్తిడి పెక్కు బండ్లలో వాయుభారమునకు మూడు నాలుగు రెట్లుండును. ఇంజను నాపిన పిమ్మటను అది కొంతసేపు నిలిచియుండును. కావున బిగింపు వదలించినచో పెట్రోలు చివ్వున చిమ్మి, కాగియున్న ఇంజనుపై పడి మండవచ్చును.

పూర్వపు కార్బురేటరు బండ్లలో పంపు ఇంజను ప్రక్కనే యుండి పెట్రోలును పీల్చుచుండెడిది. ఎండ మండినపుడు గొట్టమునందే పెట్రోలు మరిగి, బుడగలు గట్టి, బండి నడిత్రోవలో నిలిచిపోవుచుండెడిది. నేడు పెట్రోలు ఒత్తిడితో త్రోయబడుటచే ఈ చిక్కు అరుదు.

ఇక ఆవిరి గొట్టము. పెట్రోలు కాచకయే ఆవిరియగును. ఆ యావిరి గాలికంటె బరువైనది. అందుచే పైకి లేచిపోక నేలబారున ప్రాకి, దూరముననున్న నిప్పును సయితము అందుకొనగలదు. పూర్వము దానిని బయటికే విడిచెడివారు. గాలి చెడుచున్నదని కాలిఫోర్నియాలో 1970, అమెరికా యంతటను 1971 సంవత్సరపు బండ్లనుండి దానిని బంధించు ఏర్పాటు నిర్బంధమైనది.

ఆ యేర్పాటు ఇట్టిది. టాంకునుండి ఆవిరి యొక గొట్టముగుండ బొగ్గు నింపిన పెట్టెలోనికి చేరును. గాదె ధాన్యమును దాచినట్లు ఆ బొగ్గు ఆవిరిని పట్టియుంచును. ఇంజను నడచునపుడు ఒక కవాటము తెఱచుకొనును. ఇంజను పీల్పుచే బయటిగాలి బొగ్గుగుండ పోయి, ఆవిరిని వెంటగొని ఇంజనులో చేరి మండిపోవును. వృథా కావలసినది బండికే యుపయోగపడుచున్నది. డీజిలు అంత సులభముగా ఆవిరి కాదు గనుక డీజిలు బండ్లకు ఈ పెట్టె యుండదు.

దీనినిబట్టి గమనింపవలసినవి కొన్ని గలవు. పెట్రోలు పోయించునపుడు పంపు తానుగా ఆగినచో, అంతటితో చాలింపుడు. అంచువఱకు నింపినచో ద్రవము బొగ్గుపెట్టెలోనికి పోయి దానిని చెఱచును. ఆవిరి గొట్టము ఊడినచో దాని మొగమున గుడ్డ కుక్కి మూయరాదు. అట్లు మూసిన టాంకునకు ఊపిరి యాడదు. పెట్రోలు గొట్టము పగిలినచో పొలమునకు నీరు పాఱించు రబ్బరు ముక్కను తొడుగరాదు. అది పెట్రోలునకు నాని మెత్తబడి తెగును. 2025 నాటికి మన దేశమున పెట్రోలులో నూటికి 20 పాళ్లు ఎథనాలు కలుపు స్థితి వచ్చినది. పాతబండ్ల రబ్బరు గొట్టములు కొన్ని దీనికి తాళలేవు. కావున వానిని మఱింత తఱచుగా పరీక్షింపవలయును.

కారుదగ్గఱ పెట్రోలు వాసన వచ్చినచో చుట్ట, బీడీ ఆర్పివేయుడు. కారణము వెదకుటకు అగ్గిపుల్ల వెలిగింపకుడు. ఇంజనును నడుపకుడు. పిల్లలను దూరముగా పంపి మెకానిక్కును పిలిపింపుడు. గొట్టము వెల కొలదిపాటిది. దానిని పాటింపకున్నచో పోవునది బండి మాత్రమే కాదు, అందు కూర్చున్నవారి ప్రాణములు.