కొండలలోని గుండ్రని ఇళ్ళు

చారిత్రక కట్టడాలు అనగానే మన మనస్సులో మెదలేవి చార్మినారు, గోల్కొండ, వేయిస్తంభాల గుడి. ఇవన్నీ రాతితో, సున్నంతో నిలిచినవి. కర్రతో, మట్టితో, గడ్డితో కట్టిన ఇల్లు కూడ చరిత్రయే అన్న సంగతి మనకు సులభంగా తట్టదు. అరకు లోయలోను, తూర్పు కనుమలలోను గదబలు పూర్వం నుండి కట్టుకొన్న గుండ్రని ఇళ్ళను గూర్చి, వాటిని నిలుపుకొనే మార్గాన్ని గూర్చి ఇక్కడ కొంత వివరించదలచాము.

చలిదేశాలవారు చెట్టు దుంగలను ఒకదానిపై ఒకటి పేర్చి గోడలు కట్టారు. మన కొండలలో పద్ధతి వేరు. గుండ్రంగా గుంజలు పాతి, నడుమ దడి అల్లి, దానికి మట్టి మెత్తుతారు. పైన శంఖువు ఆకారంలో వాసాలు నిలిపి గడ్డి కప్పుతారు. మూలలు లేనందువల్ల గాలి గోడను ఢీకొనక పక్కలకు జారిపోతుంది. తుఫానులకు అలవాటుపడిన మన తీరప్రాంతపు చుట్టిళ్ళలోను ఇదే కిటుకు ఉన్నది.

ఇప్పుడీ ఇళ్ళు అరుదైపోయాయి. కప్పుగడ్డిని కొన్నేళ్ళకొకసారి మార్చాలి, అడవి కర్ర మునుపటివలె దొరకదు, ప్రభుత్వ గృహపథకాలు సిమెంటు ఇళ్ళనే ఇస్తాయి. పక్కా ఇల్లు కోరుకొనే గిరిజనుని తప్పుపట్టే హక్కు మనకు లేదు. వానకు కారే కప్పు కింద పడుకొనేది వారే కాని మనం కాదు గదా! అయినను, యజమానులే ఉంచుకొనదలచిన పాత ఇళ్ళకు చేయూతనివ్వటం మనకు సాధ్యమే. అరకులో 1996లో ఏర్పడిన గిరిజన మ్యూజియం ఆ జీవితాన్ని మనకు చూపిస్తుంది. ఇల్లు కట్టే విద్య మాత్రం చూచినంత మాత్రాన రాదు.

ఆ విద్యలో కొన్ని విశేషాలు చెప్పక తప్పదు. గుంజ మొదట కుళ్ళేది నేలను తాకేచోట. గుంజ అంతా పారవేయనక్కరలేదు. పాడైన మేర కోసి, అదే జాతి కర్రను అతికితే చాలు. మట్టిగోడకు సిమెంటు పూయటం మేలనిపిస్తుంది గాని, లోని తేమ బయటికి పోలేక కర్ర మరింత త్వరగా చివుకుతుంది. మరొక వింత: పొయ్యి వెలిగే ఇల్లే ఎక్కువకాలం నిలుస్తుంది. పొగ సోకిన వాసాలకు, గడ్డికి పురుగు తొందరగా పట్టదు. తాళం వేసి కాపాడుదామంటే ఇల్లు దక్కదన్నమాట.

అమెరికాలో 2009లో ఏర్పడిన హిస్టారికోర్ అనే సంస్థ, పాత దుంగల ఇళ్ళను స్వచ్ఛంద సేవకులచేతనే బాగుచేయిస్తున్నది. తెలిసిన పనివాడు ముందుండి చూపుతాడు, వచ్చినవారు ఉలి పట్టి నేర్చుకొంటారు. మనకు 1969 నుండి జాతీయ సేవా పథకం ఉండనే ఉన్నది. దాని ప్రత్యేక శిబిరం ఏడు రోజులు. గ్రామసభ సమ్మతితో, ఇంటివారి కోరికపై, ఒక్క ఇంటి కప్పు నేయటానికి ఆ వ్యవధి వినియోగించవచ్చును. అక్కడ గురువులు ఆ ఊరి పెద్దలు; మట్టి తొక్కేది, గడ్డి మోసేది విద్యార్థులు. పెద్దలకు కూలి ముట్టాలి. వారి పనిదినాన్ని ఉచితంగా అడగటం న్యాయం కాదు.

కప్పు నేయటం వానలకు ముందే ముగియాలి. మన వార్షిక పరీక్షలు కూడ ఆ వేసవిలోనే గనుక, శిబిరం తేదీలను కమిటీవారు ముందుగానే నిర్ణయించవలసి ఉంటుంది.